సైబర్ మోసాలు: మన సొమ్ముకూ మన బిడ్డలకూ కాపలా



జకాత్, సదఖా, విద్యార్థులకు ఉపకార వేతనాలు, వితంతువులకు సాయం, వైద్య శిబిరాలు. ఇలాంటి సంచికల్లో సాధారణంగా చదివేది వీటి గురించే. ఈ వ్యాసం సైబర్ మోసాల గురించి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం సూటిగానే ఉంది. ఇరవై ఏళ్లు గల్ఫ్‌లోనో, పోర్టులోనో, ఉక్కు ఫ్యాక్టరీలోనో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము అరగంటలో పోతే, నిన్నటిదాకా జకాత్ ఇచ్చిన ఇల్లే రేపు జకాత్ కోసం చూడవలసి వస్తుంది. పేదరికాన్ని తగ్గించాలని పనిచేసే సంస్థ, కొత్తగా పేదలు తయారయ్యే దారిని కూడా మూయాలి కదా.

కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం సైబర్ మోసాల్లో మన దేశ ప్రజలు 2022లో 2,306 కోట్లు, 2023లో 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు పెరిగింది. 2024లో జాతీయ సైబర్ పోర్టల్‌కు వచ్చిన ఫిర్యాదులు 22 లక్షలు దాటాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోని వారు ఈ లెక్కలో లేరు.

ఈ వ్యాసాన్ని పాఠంలా రాశాం. ఇంట్లో అందరూ కూర్చుని చదువుకోవచ్చు. జుమా తర్వాత పది నిమిషాలు, మహిళల ఇజ్తిమాలో ఒక పూట దీనికి కేటాయించవచ్చు. చివర చర్చ కోసం కొన్ని ప్రశ్నలు ఉన్నాయి.

1. మోసం పనిచేసే తీరు

మోసాల పేర్లు నెలకొకటి మారుతుంటాయి. వాటి లోపలి పనితనం మాత్రం మారదు. దాదాపు ప్రతి మోసంలోనూ నాలుగు మెట్లు కనిపిస్తాయి.

మొదటిది భయం లేదా ఆశ. "మీ ఆధార్ మీద కేసు నమోదైంది" అన్నది భయం. "రోజుకు మూడు వేలు ఇంట్లో కూర్చునే సంపాదించండి" అన్నది ఆశ. రెండోది తొందర. "గంటలో కట్టకపోతే కరెంటు కట్", "ఈ ఆఫర్ ఈ రోజే". మూడోది రహస్యం. "ఇంట్లో వాళ్లకు చెబితే వాళ్ల మీద కూడా కేసు", "ఈ గ్రూపు వివరాలు బయట చెప్పకండి". నాలుగోది మీ చేత ఒక పని చేయించడం. ఓటీపీ చెప్పించడం, లింకు నొక్కించడం, యాప్ ఎక్కించడం, పిన్ కొట్టించడం.

ఈ నాలుగింటిలో రహస్యం అన్న మెట్టు దగ్గరే మోసాన్ని ఆపడం తేలిక. ఫోన్ పెట్టేసి పక్కింటి వారితోనో, పెద్ద కొడుకుతోనో, ఇమామ్ సాహెబ్‌తోనో ఒక్క మాట చెప్పుకుంటే చాలా మోసాలు అక్కడితోనే విరిగిపోతాయి. మోసగాడు మిమ్మల్ని ఒంటరిని చేయాలని అంత పట్టుపట్టేది అందుకే.

వార్త తెచ్చిన వాడిని బట్టి ఆ వార్తను నిర్ధారించుకోవాలనీ, లేకుంటే తెలియక చేసిన పనికి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్య ఖుర్ఆన్‌లోని సూరా అల్-హుజురాత్ 6వ ఆయత్ మనకు నేర్పుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి మెసేజ్ విషయంలో, తెలియని నంబర్ నుంచి వచ్చిన ప్రతి కాల్ విషయంలో ఆ బోధన పనికొస్తుంది. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధన మనందరికీ తెలిసిందే. ఫోన్‌కు తాళం, ఖాతాకు పరిమితి, ఇంట్లో సంప్రదింపు. నేటి రోజుల్లో ఒంటెను కట్టడమంటే ఇవే.

2. విశాఖ నుంచి కంబోడియా దాకా

సైబర్ మోసం అనగానే ఎక్కడో ఉత్తరాది పల్లెలో కూర్చున్న వాడెవడో చేసేది అనుకుంటాం. 2024 మే నెలలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు ఆ ఊహను మార్చేసింది.

విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి స్థానిక ఏజెంట్లు మన యువకులకు ఆశ పెట్టారు. ఒక్కొక్కరి దగ్గర సుమారు లక్షన్నర రూపాయలు వసూలు చేశారు. టూరిస్ట్ వీసా మీద బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చి, అక్కడ చైనీయుల ఆధ్వర్యంలో నడిచే మోసాల కంపెనీలకు అప్పగించారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. బాండ్లు రాయించుకున్నారు. మన దేశంలోని వారికే ఫోన్ చేసి మోసగించడం అక్కడ వారికి అప్పగించిన ఉద్యోగం. కొరియర్ పార్సిల్‌లో మత్తుపదార్థాలు దొరికాయని బెదిరించడం, నకిలీ షేర్ మార్కెట్ యాప్‌లో పెట్టుబడి పెట్టించడం, ఆడపిల్లల పేరుతో వల వేయడం, టాస్కుల పేరుతో డబ్బు గుంజడం నేర్పించారు. ఒప్పుకోని వారినీ, చెప్పినంత వసూలు చేయలేని వారినీ హింసించారు, తిండి పెట్టకుండా మాడ్చారు. ఒక్క విశాఖ నగరం నుంచే సుమారు 150 మంది ఇలా వెళ్లినట్లు అప్పట్లో పోలీసులు చెప్పారు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం వంటి చోట్ల నుంచి కూడా యువకులు వెళ్లారు.

ఈ కేసులో ఏజెంట్ల అరెస్టులు జరిగిన ఒకటి రెండు రోజులకే, మే 20న, కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు తమను నిర్బంధించిన వారి మీద తిరగబడ్డారు. ఆ తర్వాత అక్కడి మన రాయబార కార్యాలయం తొలి విడతగా 60 మందిని స్వదేశానికి పంపింది. విశాఖ విమానాశ్రయంలో దిగిన మన పిల్లలను చూసిన తల్లిదండ్రుల కన్నీళ్లు పత్రికల్లో చూశాం. 2025 మార్చిలో మయన్మార్ మోసాల శిబిరాల నుంచి బయటపడిన 549 మందిని భారత వైమానిక దళ విమానాల్లో థాయ్‌లాండ్ నుంచి తీసుకురావలసి వచ్చిందంటే ఈ జాలం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఈ కేసులో మనం నేర్చుకోవలసింది రెండు విధాలుగా ఉంది. మనకు ఫోన్ చేసి బెదిరించే గొంతు, నిర్బంధంలో ఉన్న మన ఊరి కుర్రాడిదే కావచ్చు. అంటే మోసం మన ఇంటి డబ్బునే కాదు, మన ఇంటి బిడ్డను కూడా ఎత్తుకుపోతుంది. పెద్దలకు ఓటీపీ గురించి చెప్పడంతో మన పని పూర్తి కాదు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడి చేతికి వచ్చిన ఆఫర్ లెటర్‌ను కూడా పదిమంది పరిశీలించాలి.

3. విదేశీ ఉద్యోగం, ఓడలో ఉద్యోగం: ముందు చూడవలసినవి

పరిశీలించడమంటే ఏం చూడాలి? విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉండాలి. కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అనుమానించండి. "ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లు, అక్కడికి వెళ్లాక మారుస్తాం" అన్న మాట వినగానే పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి. ఇంటర్వ్యూలో టైపింగ్ వేగం, ఇంగ్లీషు చాటింగ్ మాత్రమే అడిగి పెద్ద జీతం చెబితే అది ఏ పనో ఊహించవచ్చు.

మన ఊరు ఓడరేవు. మర్చంట్ నేవీ ఉద్యోగమంటే మన కుర్రాళ్లకు మోజు ఎక్కువ. ఓడల్లో నియామకాలు చేసే సంస్థలకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు ఉన్న సంస్థల జాబితా ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నియామకం కోసం నావికుడి దగ్గర డబ్బు వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. "మూడు లక్షలు కట్టు, నెలలో ఓడ ఎక్కిస్తాం" అనే ఏజెంటు కుర్రాణ్ణి ఓడ ఎక్కించే దారిలో లేడని అర్థం.

4. మన ఊళ్లో తరచుగా ఎదురయ్యే మోసాలు

*డిజిటల్ అరెస్ట్.* వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, వెనక జెండా, నకిలీ కోర్టు కాగితాలు. "మీరు కెమెరా ముందు నుంచి కదలకూడదు, విచారణ అయ్యేదాకా డబ్బు ఈ ఖాతాలో జమ చేయండి" అంటారు. మన చట్టాల్లో ఎక్కడా డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి కూడా దీని గురించి దేశ ప్రజలను హెచ్చరించారు. 2025 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. నిజమైన అరెస్టు అయితే పోలీసులు మనిషిగా ఇంటికి వస్తారు, కారణం చెబుతారు, బంధువులకు తెలియజేస్తారు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తారు. ఏ పోలీసూ, ఏ జడ్జీ ఫోన్‌లో డబ్బు జమ చేయమని అడగరు. మైనారిటీ వర్గానికి చెందిన వారిని ఉగ్రవాదం పేరు, విదేశాల నుంచి వచ్చిన డబ్బు పేరు ఎత్తి మరింత భయపెట్టే వీలుంది. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు తప్పు కాదు. భయపడి నోరు మూసుకోకండి. ఫోన్ పెట్టేసి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు స్వయంగా వెళ్లి అడగండి.

*పెట్టుబడుల మోసం.* పదవీ విరమణ చేసిన వారి మీద, వీఆర్‌ఎస్ తీసుకున్న వారి మీద వీళ్ల కన్ను. పీఎఫ్, గ్రాట్యుటీ చేతికి వచ్చిన నెలల్లోనే ఏదో వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. గ్రూపులో మిగతా వారంతా "నాకు లాభం వచ్చింది" అని ఫోటోలు పెడుతుంటారు. వాళ్లందరూ మోసగాళ్ల మనుషులే. మొదట పది వేలు పెడితే పన్నెండు వేలు నిజంగానే తిరిగి ఇస్తారు. యాప్‌లో అంకె లక్షల్లో పెరుగుతుంది. తీసుకోబోతే "ముందు పన్ను కట్టాలి" అంటారు. 2024 జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలల్లో డిజిటల్ అరెస్ట్‌లో పోయింది 120 కోట్లయితే, ట్రేడింగ్ మోసాల్లో పోయింది 1,420 కోట్లు అని కేంద్ర సైబర్ నేర సమన్వయ కేంద్రం లెక్క చెప్పింది. భయం కన్నా ఆశే మనల్ని ఎక్కువ ముంచుతోందని ఈ అంకెలు చెబుతున్నాయి. "హలాల్ పెట్టుబడి", "వడ్డీ లేని లాభం" అని పేరు పెట్టినంత మాత్రాన అది హలాల్ అయిపోదు. సలహాదారుకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందా, డబ్బు వెళ్లేది కంపెనీ ఖాతాకా లేక ఎవరో వ్యక్తి ఖాతాకా అన్నది ముందు చూడండి.

*లోన్ యాప్‌లు.* ఆధార్ ఫోటో ఇస్తే అయిదు నిమిషాల్లో అయిదు వేలు. వారం తిరిగేసరికి రెట్టింపు కట్టమంటారు. యాప్ ఎక్కించేటప్పుడు మన ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు వాళ్ల చేతికి పోతాయి. ఆ తర్వాత ఫోటోలను మార్ఫింగ్ చేసి బంధువులందరికీ పంపుతారు. 2024 డిసెంబర్‌లో మన విశాఖలోనే ఒక యువకుడు కొద్దిపాటి బాకీ కోసం ఇలాంటి వేధింపులు తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. నిబంధనల ప్రకారం లోన్ యాప్ మన ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు తీసుకోకూడదు. అప్పు సొమ్ము రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ నుంచి నేరుగా మన ఖాతాకే రావాలి. అనుమతి ఉన్న సంస్థలు వాడే యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. వేధింపులకు గురైన వారు సిగ్గుపడవలసిన పని లేదు. నేరం చేసింది ఫోటో మార్చిన వాడు. మనసు కుంగిపోతే టెలి మానస్ 14416 నంబర్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

*ఏపీకే ఫైళ్లు.* ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ, పథకం దరఖాస్తు, ఆఖరికి పెళ్లి శుభలేఖ పేరుతో కూడా వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, మీ ఫోన్‌ను వాడి చేతికిచ్చే యాప్. నొక్కితే మీ ఓటీపీలు వాడికి కనిపిస్తాయి. తెలిసిన వారి నంబర్ నుంచి వచ్చినా సరే తెరవకండి. వాళ్ల ఫోన్ అప్పటికే మోసగాడి చేతిలో ఉండవచ్చు.

*యూపీఐ, క్యూఆర్.* డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తున్నాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనే వాడు మీ డబ్బు తీసుకోబోతున్నాడు. ఈ ఒక్క మాట కూరగాయల బండి నడిపే సోదరుడికీ, టైలరింగ్ చేసుకునే సోదరికీ నేర్పితే ఎంతో మేలు.

*హజ్, ఉమ్రా ప్యాకేజీలు.* "సగం ధరకే ఉమ్రా", "పర్మిట్ లేకుండానే హజ్" అన్న ప్రకటనలు రమజాన్‌కు ముందు నుంచే మొదలవుతాయి. 2024 హజ్‌లో ఎండ వేడికి 1,301 మంది చనిపోయారనీ, వారిలో 83 శాతం మంది అనుమతి లేకుండా వచ్చిన వారనీ సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. అనుమతి లేని యాత్రికుడికి ఏసీ గుడారం ఉండదు, బస్సు ఉండదు. ఇక్కడ మోసం జేబుతో ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది. హజ్‌కు రెండే దారులు ఉన్నాయి. ఒకటి హజ్ కమిటీ ఆఫ్ ఇండియా, రెండోది మైనారిటీ వ్యవహారాల శాఖ జాబితాలో ఉన్న ప్రైవేటు ఆపరేటర్లు. ఉమ్రాకు వెళ్లేటప్పుడు ఏజెంటు ఆఫీసు చిరునామా, రసీదు, రానుపోను విమాన టికెట్ నంబర్, హోటల్ పేరు రాతపూర్వకంగా తీసుకోండి. టికెట్ నంబర్‌ను విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి. లావాదేవీలను రాసుకుని సాక్షులను పెట్టుకోమన్న సూరా అల్-బఖరా 282వ ఆయత్ బోధనను "వాడు మనవాడే కదా" అని పక్కన పెట్టడం సరికాదు.

5. ఖాతా అద్దెకివ్వడం: చిన్న ఆశ, పెద్ద కేసు

మన యువకులతో గట్టిగా మాట్లాడవలసిన విషయం ఇది. "నీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకు అయిదు వేలిస్తా" అని ఎవడో అడుగుతాడు. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇవ్వు, నీకు రెండు శాతం కమిషన్" అంటాడు. కాలేజీ పిల్లలకు ఇది తేలిక సంపాదనలా కనిపిస్తుంది.

ఆ ఖాతాలో పడేది ఎవరో ముసలాయన పింఛను డబ్బు, ఎవరో ఆడపిల్ల పెళ్లి కోసం దాచిన డబ్బు. సూత్రధారి ఎక్కడో కంబోడియాలో ఉంటాడు. బ్యాంకు రికార్డుల్లో ఉండేది మన కుర్రాడి పేరు, ఫోటో, ఆధార్. ఏ రాష్ట్రంలో ఫిర్యాదు నమోదైతే ఆ రాష్ట్రం పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఇతడి కోసమే. భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్ కింద మోసానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. సమాచార సాంకేతిక చట్టం 66డి కింద వేషం మార్చి మోసగించినందుకు మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు నిలబడినా నిలబడకపోయినా ఖాతా స్తంభిస్తుంది, ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు జరిగే పోలీసు విచారణలో పేరు వస్తుంది.

చట్టం సంగతి అలా ఉంచితే, ధర్మం మాటేమిటి? మంచిలో సహకరించమనీ పాపంలో సహకరించవద్దనీ సూరా అల్-మాయిదా 2వ ఆయత్ బోధిస్తుంది. "నేను మోసం చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను" అన్న మాట ఆ బోధన ముందు నిలవదు. ఆ కమిషన్‌తో కొన్న అన్నం ఇంటికి తేవద్దని తల్లులు తమ బిడ్డలకు ముందే చెప్పాలి. ఇప్పటికే ఖాతా ఇచ్చేసిన వారు ఉంటే దాచకండి. వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, ఖాతాను ఆపించి, ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని పోలీసులకు చెప్పుకోవడమే మేలు.

మన పేరు మీద మనకు తెలియకుండా సిమ్‌లు ఉన్నాయేమో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో 2018లో ఒక సిమ్ వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారు చేసి వేల సిమ్‌లు తెరిచిన కేసు బయటపడింది. అందుకే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవడం, అవసరమైన చోట అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ కాపీ ఇవ్వడం అలవాటు చేసుకోవాలి.

6. సేవా సంస్థలు, మసీదు కమిటీల బాధ్యత

ఇతరులకు చెప్పే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. సాయం కోరి వచ్చే పేదలు తమ ఆధార్ కాపీ, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు మన చేతిలో పెడతారు. అవి అమానత్. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న సూరా అన్-నిసా 58వ ఆయత్ బోధన డబ్బుకే కాదు, ఈ కాగితాలకూ వర్తిస్తుంది. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో వదిలేయకూడదు. పని అయ్యాక చించి పారేయాలి, లేదా బీరువాలో తాళం వేసి ఉంచాలి. లబ్ధిదారుల జాబితాను ఫోన్ నంబర్లతో సహా గోడకు అంటిస్తే మోసగాడికి మనమే చిరునామా ఇచ్చినట్టు.

చందాలు ఎప్పుడూ సంస్థ పేరు మీద ఉన్న ఖాతాకే రావాలి. కార్యదర్శి సొంత నంబర్‌కు కాదు. మసీదు గుమ్మం దగ్గర పెట్టిన క్యూఆర్ మీద ఎవరైనా మరొకటి అంటించవచ్చు. వారానికొకసారి రూపాయి పంపి సరిచూడాలి. ఆ క్యూఆర్‌ను అద్దం వెనక బిగించడం ఇంకా మంచిది. స్కాన్ చేసే వారికి తెరమీద సంస్థ పేరు కనిపించాలని ప్రకటించాలి.

ఆసుపత్రి మంచం మీద బిడ్డ ఫోటోతో "ఆపరేషన్‌కు సాయం చేయండి" అని వచ్చే మెసేజ్‌లలో నిజమైనవి ఉన్నాయి, దొంగవీ ఉన్నాయి. పంచే ముందు సంస్థ తరఫున ఒకరు ఆసుపత్రికి వెళ్లి చూడాలి. డబ్బు వ్యక్తి ఖాతాకు కాకుండా ఆసుపత్రి బిల్లుకే కట్టాలి. ఇలా చేస్తే దాత సదఖా చేరవలసిన చోటికి చేరుతుంది, నిజమైన రోగికి రేపు అందే సాయం కూడా ఆగదు.

లోన్ యాప్ దగ్గరికి మనిషి వెళ్లేది అవసరం తరుముకొస్తే. అయిదు వేలు అడగడానికి చోటు ఉంటే వెళ్లడు. అందుకే ప్రతి మొహల్లాలో చిన్న ఖర్జె హసనా నిధి పెట్టుకోవాలి. జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయిన వారూ ఉన్నారు. అలాంటి కుటుంబం విషయంలో ఉలమాల సలహా తీసుకుని ముందుకు రావచ్చు.

7. మోసపోతే మొదటి గంట

మోసపోయామని తెలియగానే ఎవరి తప్పు అని ఇంట్లో వాదించుకోవడానికి సమయం లేదు. దొంగ ఖాతాలో పడిన సొమ్ము నిమిషాల్లో పది ఖాతాలకు చెదిరిపోతుంది. అది చెదరక ముందే ఆపాలి.

ఒకటి: వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇది దేశమంతటికీ ఒకే నంబర్. మీ ఖాతా ఉన్న బ్యాంకు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబర్, మోసగాడి ఫోన్ నంబర్ లేదా యూపీఐ పేరు సిద్ధంగా ఉంచుకోండి. వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను రాసుకోండి. 2021లో మొదలైన ఈ ఏర్పాటు ద్వారా 2025 నాటికి 5,489 కోట్ల రూపాయలకు పైగా దొంగల చేతికి వెళ్లకుండా ఆగింది.

రెండు: బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్యాంకు నంబర్‌ను గూగుల్‌లో వెతకకండి, అక్కడ నకిలీ నంబర్లు ఉంటాయి. ఏటీఎం కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్న నంబరే వాడండి.

మూడు: సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయండి. చదువు రాని వారికి మన యువకులు పక్కన కూర్చుని నింపిపెట్టాలి. నగరంలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. అంత దూరం వెళ్లలేని వారు దగ్గర్లోని ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పరిధి తమది కాకున్నా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని కొత్త చట్టం చెబుతోంది.

నాలుగు: చాట్‌లు, కాల్ వివరాలు, ఫోటోలు చెరపకండి. కోపంతోనో, సిగ్గుతోనో చెరిపేస్తే సాక్ష్యం పోతుంది.

అయిదు: మీ ప్రమేయం లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయినట్లయితే బ్యాంకుకు మూడు పని దినాల్లోపు తెలపండి. బ్యాంకు తప్పూ మీ తప్పూ లేకుండా మూడో వారి వల్ల పోయిన సొమ్ముకు, ఈ గడువులో తెలిపిన ఖాతాదారుపై భారం పడకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఆదేశం. మీరే ఓటీపీ చెప్పినట్లయితే, బ్యాంకుకు తెలిపే దాకా జరిగిన నష్టం మీదే అవుతుంది. అందుకే ఆలస్యం పనికిరాదు. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకున్నా, ఇచ్చిన జవాబు సరిగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వారి సహాయ నంబర్ 14448.

ఒక హెచ్చరిక. డబ్బు పోయిన కొన్ని రోజులకు "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని మరో ఫోన్ రావచ్చు. అది రెండో మోసం. 1930లో ఫిర్యాదుకు ఏ ఫీజూ లేదు. ఆపిన సొమ్ము తిరిగి రావడానికి కోర్టు ఉత్తర్వు అవసరం కావచ్చు, కొంత సమయం పట్టవచ్చు. ఓపిక పట్టండి.

8. ఇంట్లో ఈ వారమే చేసుకోదగినవి

అమ్మీ, అబ్బాల ఫోన్లలో 1930ని "సైబర్ పోలీస్" అని సేవ్ చేయండి. రోజువారీ ఖర్చుకు ఒక ఖాతా, పొదుపుకు వేరే ఖాతా పెట్టి, పొదుపు ఖాతాను యూపీఐకి కలపకండి. రోజుకు ఎంత డబ్బు వెళ్లగలదో బ్యాంకు యాప్‌లో పరిమితి పెట్టండి. వాట్సాప్‌లో రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయండి. గల్ఫ్‌లో ఉన్న వారితో ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి. కొడుకు గొంతుతో "అర్జెంటుగా డబ్బు పంపు" అని కాల్ వస్తే ఆ మాట అడగండి. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అనుకరించవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, మోసపోయిన వారిని ఎగతాళి చేయకపోవడం. చదువుకున్న వారు, అధికారులు, బ్యాంకుల్లో పనిచేసిన వారు కూడా మోసపోతున్నారు. ఇంట్లో తిడతారన్న భయంతో దాచిన గంటే దొంగకు కావలసిన గంట. "ఫర్వాలేదు, ముందు ఫోన్ చేద్దాం పద" అనే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుండాలి.

చర్చకు ప్రశ్నలు

1. గత ఏడాదిలో మీ ఇంటికి వచ్చిన అనుమానాస్పద ఫోన్‌లో భయం, ఆశ, తొందర, రహస్యం అనే మెట్లలో ఏవి కనిపించాయి?
2. మీ మొహల్లాలో విదేశీ ఉద్యోగానికి వెళ్తున్న యువకుడి కాగితాలను ఎవరు, ఎలా సరిచూడగలరు?
3. బ్యాంకు ఖాతా అద్దెకిచ్చి సంపాదించిన డబ్బు ఎందుకు హలాల్ కాదో పిల్లలకు ఎలా చెబుతారు?
4. మన మసీదులో క్యూఆర్‌ను, పేదల ఆధార్ కాపీలను ఇప్పుడు ఎలా ఉంచుతున్నాం? ఏం మార్చాలి?
5. అయిదు వేల అత్యవసర అప్పు కోసం మన మొహల్లాలో మనిషి ఎవరి తలుపు తట్టగలడు?

అల్లాహ్ మన సంపాదనలో బరకత్ ఇవ్వుగాక. మన ఇళ్లను మోసగాళ్ల బారి నుంచి కాపాడుగాక. దూర దేశాల్లో నిర్బంధంలో ఉన్న ప్రతి బిడ్డనూ, ఏ మతానికి చెందినవాడైనా సరే, క్షేమంగా తల్లి ఒడికి చేర్చుగాక. ఆమీన్.